వార్షిక నివేదిక: కొన్న గేజి, కొనని కంట్రోలరు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశా జయపురంలోని మన తెలుగు సంఘం ఈ ఏడాది చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి పోను. ఉగాది, కార్తిక వనభోజనం ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనంలో ఆఖరి పంక్తికి పులిహోర అందలేదన్న ఫిర్యాదు నిజమే. వండించింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆదివారం తెలుగు బడికి బల్లలు ఇంకా సమకూరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ ఏలిన ఊళ్లో మనం నాలుగు బల్లల కోసం చందా పుస్తకం పట్టుకుని తిరుగుతున్నామంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వినవాళ్లు తలా ఒక బల్ల ఇచ్చినా చాలు.

కొత్తగా చేసిన పని మాత్రం ఒకటే. ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది. కార్లు లేని సభ్యులు మన్నించాలి.

విశ్వకర్మ పూజ నాటి తరగతి

సెప్టెంబరు 17న మన కార్ల రిపేరు షెడ్లన్నిటిలో విశ్వకర్మ పూజ జరుగుతుంది. ఈసారి మైకు సెట్టు మానేసి, పూజ అయ్యాక మధ్యాహ్నం టర్బో కార్ల మీద, అంటే ఇంజిన్‌లోకి అదనపు గాలిని తోసే టర్బో ఉన్న కార్ల మీద, తరగతి పెట్టుకున్నాం. మన కుర్రవాళ్లు కొందరు పాత టర్బో పెట్రోలు కార్లు కొని, బూస్ట్ కంట్రోలరు, అంటే ఆ గాలి పీడనాన్ని (బూస్ట్) పెంచే పరికరం, బిగించమని షెడ్ల చుట్టూ తిరుగుతున్నారు. అందరిదీ ఒకటే మాట: సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా ఘాట్ ఎక్కుతుంటే పికప్ చచ్చిపోతోందని.

సునాబేడలోని హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు పాఠం చెప్పారు. ఆయన బొమ్మలు గీయలేదు. చెరువు గురించి చెప్పారు. టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి చెరువులో చేరే నీరు. వేస్ట్‌గేటు ఆ చెరువు అలుగు. గాలి పీడనం ఒక మట్టానికి రాగానే సన్నపైపు గుండా యాక్చుయేటర్‌ (వేస్ట్‌గేటును కదిపే డబ్బా) లోపలి డయాఫ్రాన్ని, అంటే రబ్బరు పొరను, నెట్టి, స్ప్రింగును అణచి, వేస్ట్‌గేటును తెరుస్తుంది. అప్పుడు పొగగాలి కొంత టర్బో చక్రాన్ని తిప్పకుండా పక్కదారిన పోతుంది. బూస్ట్ కంట్రోలరు అంటే అలుగు మీద ఇసుక బస్తాలు వేయడం. డయాఫ్రాం దాకా పీడనమంతా చేరనివ్వకుండా దాన్ని మభ్యపెడుతుంది, నీరు ఇంకాస్త నిలుస్తుంది. అయితే బస్తాలు వేసి మట్టం పెంచగలమే గాని అలుగు కన్నా తగ్గించలేం. స్ప్రింగు అర బార్‌కు (సముద్ర మట్టం దగ్గర బయటి గాలి పీడనం దాదాపు ఒక బార్) తెరుచుకునేదైతే ఏ కంట్రోలరూ దాన్ని అంతకన్నా కిందికి దించలేదు. ఇక గట్టు ఎంత బలమైనదన్నది వేరే లెక్క. ఇంజిన్‌లో ఆ గట్టు హెడ్ గాస్కెట్టు (సిలిండర్ల పైమూతకు కింద వేసే పట్టీ), పిస్టన్లు.

మన ఘాట్ సంగతి ఆయన చెప్పాకే నాకూ సరిగ్గా అర్థమైంది. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బయటి గాలి పీడనమే విజయనగరంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ. యాక్చుయేటర్‌లో స్ప్రింగు వైపు బయటి గాలే ఉంటుంది కాబట్టి, అది ఆ గాలికి పైన అర బార్ కలిపి ఊరుకుంటుంది. కింద మొత్తం 1.5 బార్ అయితే పైన 1.4. టర్బో లేని కారు పైన పది శాతం గాలి పోగొట్టుకుంటే, టర్బో కారు ఏడు శాతం దగ్గర ఆగుతుంది. ఆ మాత్రం లోటు పూడ్చుకోవడానికి కోరాపుట్ చలిలో 0.1 బార్ పెంచి బిగించుకుంటారు. అదే కారు మే నెలలో సాలూరుకు దిగుతుంది. ఇప్పుడు మొత్తం 1.6 బార్, పైగా వేడిగాలి. పెట్రోలు తన వేళకు ముందే పేలడం మొదలవుతుంది. నాకింగ్ అంటున్నది దీన్నే. గట్టు తెగేది అక్కడే.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట షెడ్డుకు వచ్చిన ఒకరి కారుకు డిసెంబరు పొద్దున్నే బ్లీడ్ వాల్వు (చవక రకం కంట్రోలరు) బిగించి, బూస్ట్ కొలిచే గేజి లేకుండా, చెవితో విని సెట్ చేశాను. ఎండలు ముదిరాక అది పార్వతీపురం దగ్గర ఆగిపోయింది. హెడ్ దింపి చూస్తే గాస్కెట్టు రెండు సిలిండర్ల మధ్య నల్లగా తినేసి ఉంది. ఆ పని నా ఖర్చుతో చేసి ఇచ్చాను.

ఏది కొనాలి

మూడు రకాలు చూశాం. బ్లీడ్ వాల్వు చవకైనది: సన్నపైపు మధ్యలో చిన్న రంధ్రం గుండా కొంత గాలిని బయటికి వదిలేస్తుంది. గాలి చేరుతున్నకొద్దీ వేస్ట్‌గేటు ముందుగానే కొంచెం కొంచెం తెరుచుకుంటుంది కాబట్టి బూస్ట్ నెమ్మదిగా ఎక్కుతుంది. గోళీ స్ప్రింగు రకం అంతకన్నా నయం. గోళీసోడాలో గాలి గోళీని బిగిస్తే ఇక్కడ స్ప్రింగు బిగిస్తుంది. అనుకున్న పీడనం వచ్చేదాకా డయాఫ్రానికి చిటికెడు గాలి కూడా చేరదు, టర్బో తొందరగా అందుకుంటుంది. కొనేటప్పుడు యాక్చుయేటర్ వైపు సూదిమొనంత రంధ్రం ఉందో లేదో చూడాలి. అది లేకపోతే లోపల చిక్కిన గాలి బయటికి పోయే దారి ఉండదు, వేస్ట్‌గేటు సరిగా మూసుకోదు. దాని మీది బాణం గుర్తు తిరగేసి బిగించినవాళ్లు మనలో ఇద్దరున్నారు, పేర్లు రాయను.

మూడోది ఎలక్ట్రానిక్. సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) సెకనుకు ఇరవై ముప్పై సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, సెన్సరు చెప్పేదాన్ని బట్టి సరిదిద్దుకుంటుంది. బయటి గాలితో కలిపి మొత్తం పీడనాన్ని కొలిచే సెన్సరు ఉన్నదైతే మన ఘాట్‌కు పనికొస్తుంది, కోరాపుట్‌కూ సాలూరుకూ తేడా దానికి తెలుస్తుంది. ఖరీదు ఎక్కువ. ఏ రకమైనా నేను ముందు అడిగేది ఒకటే: వైరు ఊడితే, వాల్వు చెడితే బూస్ట్ ఎటు పోతుంది? స్ప్రింగు మట్టానికి పడిపోతే తీసుకోవచ్చు. పైకి పోయేదైతే ఊరికే ఇచ్చినా వద్దు.

కొత్త కార్లలో చాలావాటికి ఈ గొడవే లేదు. వేస్ట్‌గేటును చిన్న విద్యుత్ మోటారే కదుపుతుంది, కోయడానికి పైపే ఉండదు. డీజిల్ జీపుల సభ్యులకు కూడా ఒక మాట. మీ టర్బోలో చాలావాటికి వేస్ట్‌గేటు బదులు కదిలే రెక్కలుంటాయి, వాటిని నడిపేది ఇంజిన్ కంప్యూటరు. పైగా డీజిల్ ఇంజిన్‌కు గాలి ఒక్కటీ పెంచితే బలం రాదు. పికప్ తగ్గితే రెక్కలకు మసి పట్టిందేమో ముందు చూపించండి.

బిగించేవాళ్లు మరను పూర్తిగా తక్కువ వైపు తిప్పి మొదలుపెట్టండి. సమతల రోడ్డు మీద, మూడో గేరులో, ఒకరు నడుపుతూ మరొకరు గేజి చూస్తూ, పావు చుట్టు చొప్పున పెంచండి. చలి పొద్దున కాదు, కింద మైదానంలో మిట్టమధ్యాహ్నం సెట్ చేయండి. గాజు సీసాలో గులకరాళ్లు ఆడినట్టు చప్పుడు వస్తే వెంటనే కాలు తీసేయండి. ప్లగ్గు విప్పి తెల్లటి పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలున్నాయేమో చూడండి. అది పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. కంట్రోలరు తీసేసినా ఇంజిన్ వేగం (ఆర్‌పీఎం) పెరిగేకొద్దీ బూస్ట్ పాకుతూనే ఉంటే అలుగే ఇరుకన్నమాట, దానికి కంట్రోలరు మందు కాదు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కూడా ఎవరో చదివి వినిపించారు. 2019 సవరణ తరవాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమావాళ్లు కొర్రీ పెడితే అది దీనికి అదనం. తరగతిలో కాసేపు నిశ్శబ్దం.

ఎలుక కొరికిన పైపు

వరుసలో మొదట నిలబడిన కారు కుర్రవాడిది రాయగడ. మూడు వేల ఆర్‌పీఎం దాటితే ఇంజిన్ తన్నినట్టు ఆగి, కాలు తీస్తే మళ్లీ మామూలవుతోందట. బూస్ట్ చాలడం లేదని అతని తీర్మానం, కంట్రోలరు కొని జేబులో పెట్టుకునే వచ్చాడు. ముందు ఎవరిదో గేజి అరువు తెచ్చి, టీ జాయింటుతో తగిలించి బయలుదేరాం. ముల్లు అర బార్ దాటింది, 0.7 దాటింది, ఒకటి కూడా దాటింది, అప్పుడు తన్నింది. బానెట్ ఎత్తి టార్చి వేస్తే, యాక్చుయేటర్ సన్నపైపు చివర ఎలుక కొరికి, రబ్బరు పోగొకటి పట్టుకుని వేలాడుతోంది. గాలి అక్కడే కారిపోతున్నందువల్ల వేస్ట్‌గేటుకు తెరుచుకోమని చెప్పేవాళ్లే లేరు. బూస్ట్ హద్దు మీరితే కంప్యూటరు ఇంధనం కోసేస్తోంది. ఎక్కువై ఆగుతున్న కారుకు ఇంకా ఎక్కువ చేసే వస్తువు తగిలించబోయాం. జానెడు పైపు ముక్క, రెండు క్లిప్పులతో పని అయిపోయింది. ఆ తరవాతి రెండు కార్లలో ఒకదానికి డయాఫ్రాం చిరిగింది, ఇంకోదానికి ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులైంది.

ఆ సాయంత్రమే కమిటీ తీర్మానించి సంఘం తరఫున ఒక బూస్ట్ గేజి, ఒక చేతి పంపు కొన్నాం. పంపును యాక్చుయేటర్‌కు తగిలించి కొడితే కడ్డీ ఎంత పీడనం దగ్గర కదులుతుందో తెలుస్తుంది. కొట్టాక ముల్లు నిలబడక పడిపోతే డయాఫ్రాం పోయినట్టే. కంట్రోలరు కొనాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది, వీగిపోయింది. నేను వ్యతిరేకంగానే ఓటేశాను.

గేజి, పంపు నా షెడ్డులో ఇనప బీరువాలో ఉంటాయి. పుస్తకంలో సంతకం పెట్టి మూడు రోజులు తీసుకెళ్లవచ్చు. రబ్బరు గొట్టాన్ని చుట్టి పెట్టండి, మడవకండి. దసరాకు ముందు తీసుకెళ్లిన టీ జాయింటు ఇంకా రాలేదు. సంతకం గజిబిజిగా ఉండి పేరు తెలియడం లేదు. తీసుకున్నవారు దయచేసి తెచ్చి ఇవ్వగలరు.

మీ కార్యదర్శి