వార్షిక నివేదిక: ప్రకృతిలో దైవశక్తి, మన పూచీ

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ మిత్రులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్త కాదు కనుక వాటి జోలికి పోకుండా నేరుగా ఏడాది పనిలోకి వస్తున్నాను.

ఈసారి నెలవారీ గోష్ఠులకు ప్రకృతి శక్తుల్లో దైవాన్ని చూడడం అన్న అంశం తీసుకున్నాం. గాలి, నీరు, నిప్పు, పిడుగు, భూకంపం ఇలా ఒక్కో నెల ఒక్కొక్కటి. హాజరుకు లోటు లేదు. గాలి గోష్ఠిలో తైత్తిరీయోపనిషత్తులోని ‘భీషాస్మాద్వాతః పవతే’ చర్చకు వచ్చింది. పరమాత్మ భయం వల్లనే గాలి వీస్తోంది, సూర్యుడు ఉదయిస్తున్నాడు అని దాని భావం. వెంటనే ఒక సభ్యురాలు బైబిలు తీసి, రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదివారు. ఏలీయా ప్రవక్త ఎదుట కొండలు బద్దలయ్యేంత గాలి వీస్తుంది, కానీ ఆ గాలిలో దేవుడు లేడు. భూకంపంలోనూ లేడు, నిప్పులోనూ లేడు. ఆ తర్వాత ఒక మెల్లని స్వరం వినిపిస్తుంది. ఇక గాలే దైవమా, గాలి దైవానికి పనివాడా అని సభ రెండుగా చీలింది. హాలు తాళాలు పట్టుకుని వాచ్‌మన్ వచ్చి నిలబడేదాకా ఆ వాదన తెగలేదు. గాలికి మనం యజమానులం కాదని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి కదా, నాకు అది చాలు.

పిడుగు గోష్ఠిలో ఖురాన్ 13వ అధ్యాయం తీసుకున్నాం. ఆ అధ్యాయం పేరే ఉరుము. మెరుపును దేవుడు భయానికీ ఆశకూ కలిపి చూపిస్తాడని అందులో ఉంది. ఆ రెండూ భౌతికశాస్త్రంలోనూ సరిగ్గా అలాగే ఉన్నాయి. పిడుగు దారిలోని గాలి క్షణంలో దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది, అంటే సూర్యుడి ఉపరితలానికి అయిదు రెట్లు. ఆ వేడికే గాలిలోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి, వానతో పాటు నేలకు ఎరువుగా దిగుతుంది. పిడుగుపాటు ఆపాలని యూరప్‌లో చర్చి గంటలు మోగించిన రోజుల్లో ఆ గంటలు లాగేవాళ్లే పిడుగు తగిలి చనిపోయిన సంగతి కూడా మాట్లాడుకున్నాం. 1752లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ గాలిపటం ప్రయోగం తర్వాత పిడుగు కడ్డీలు వస్తే, దేవుడి చేతికి అడ్డుపడడమే అన్నవాళ్లూ లేకపోలేదు.

భూకంపం నెల కాస్త వేడిగా నడిచింది. 1755 నవంబరు 1, పోర్చుగల్ రాజధాని లిస్బన్. సకల పరిశుద్ధుల పండుగ ఉదయం, చర్చిలన్నీ నిండి ఉన్న వేళ భూమి కంపించింది. కూలిన గోడల కింద ప్రార్థనలో ఉన్నవాళ్లూ ఎందరో పోయారు. ఇది దైవాగ్రహమా అని యూరప్ అంతా దశాబ్దాల పాటు కొట్టుకుంది. మరుసటి ఏడాది తత్వవేత్త రూసో, ఫ్రెంచి రచయిత వోల్టేర్‌కు రాసిన ఉత్తరంలో, ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు అక్కడ పోగేసింది ప్రకృతి కాదు కదా అన్నాడు. మన సభలోనూ ‘పాపం పండింది’ అన్న మాట లేచింది. కార్యదర్శిగా కాక సభ్యుడిగా నా అభిప్రాయం చెబుతున్నాను: భూమి కదలడం దేవుడి నియమం, దాని మీద ఎలా కట్టుకోవాలన్నది మన తెలివికి వదిలేశాడు. చనిపోయినవాళ్ల లెక్కను ఆయన ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడం భక్తి కాదు.

ఇక ఈ ఏడాది మనమంతా గర్వంగా చెప్పుకోవలసింది వాన మీద పెట్టిన సాయంత్రం సభ. వేదిక మీద రెండు ట్రేలు వాలుగా పెట్టాం. ఒకదాంట్లో గడ్డి మొలిచిన మట్టి, రెండోదాంట్లో వట్టి మట్టి. రెండింటి కింద రెండు గాజు గ్లాసులు. రిటైరైన మన సైన్సు మాస్టారు పూలమొక్కలకు నీళ్లు పోసే చిల్లుల క్యాన్‌తో రెండింటి మీదా ఒకేలా పోశారు. గడ్డి ట్రే కింద గ్లాసులోకి కాసేపు చుక్క రాలేదు, తర్వాత తేటగా నాలుగు చుక్కలు పడ్డాయి. రెండో గ్లాసు చూస్తుండగానే బురదతో నిండి పొంగింది. ముందు వరుసలో పిల్లలు లేచి నిలబడ్డారు. పెద్ద వానచినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి నేలను కొడుతుందని, ఆకో గడ్డో అడ్డం లేకపోతే ఆ దెబ్బకే మట్టి చెదురుతుందని, అలా పోయిన అంగుళం మట్టి మళ్లీ తయారవడానికి వందల ఏళ్లు పడుతుందని మాస్టారు చెప్పారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదని, అందుకే కుండపోతలు పెరుగుతున్నాయని కూడా వివరించారు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. వాన దేవుడు పంపిందే, ఆ అదనం మాత్రం మన పొగగొట్టాలది.

ఆ వెంటనే వానదేవుడు పర్జన్యుడి మీద ఋగ్వేదం అయిదో మండలంలో ఉన్న పర్జన్య సూక్తం, బైబిలులోని 29వ కీర్తన చదివించాం. పర్జన్య సూక్తం చివర్లో ఋషి ‘వాన కురిపించావు, ఇక చాలు, ఆపు’ అని వేడుకుంటాడు. బురద గ్లాసు ఎదురుగా ఉండగా ఆ మాట వింటే సభలో ఎవరూ కదల్లేదు.

దురదృష్టం ఏమిటంటే, ఆ సభకు కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ జనం, మరుసటి ఆదివారం వాగు శుభ్రం చేసే పనికి పిలిస్తే కనిపించలేదు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు ఎత్తినవాళ్లంతా ఆ చేత్తోనే పార పట్టి ఉంటే పని మధ్యాహ్నానికల్లా అయిపోయేది. చివరికి ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే ప్లాస్టిక్ సంచులు, పూడిక, తెగిన వలలు లాగిపోశారు. తోటను సేద్యం చేయడానికి, కాపాడడానికే దేవుడు మనిషిని అందులో ఉంచాడని బైబిలు ఆదికాండం 2:15 చెప్పిందని గోష్ఠిలో గట్టిగా వాదించినవారి పేర్లు నేను ఇక్కడ రాయడం లేదు, వారికి తెలుసు.

నాటిన మొక్కల్లో కంచె వేసినవి చాలావరకు నిలిచాయి, వేయనివి పశువుల పాలయ్యాయి. ఇంకుడు గుంతల పని సగంలో ఉంది. వాగుకు అడ్డంగా వేసిన శిథిలాలు తీయించమని సంబంధిత కార్యాలయానికి అర్జీలు ఇస్తూనే ఉన్నాం. అర్జీ మీద ముద్ర పడింది, శిథిలాల మీద చెయ్యి పడలేదు. అధికారి మారారన్నారు, ఫైలు మారిందన్నారు. వానాకాలం మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి విడిగా చదువుతారు, సందేహాలుంటే వారినే అడగండి. నిల్వ ఉంది, లోటు లేదు. చందా బకాయిలు మాత్రం ఉన్నాయి.

హాలు ఇచ్చినవారికి, మైకు సెట్టు ఉచితంగా పెట్టినవారికి, మొక్కలు ఇచ్చిన నర్సరీవారికి, నాలుగు మతాల గ్రంథాల నుంచి ఓపికగా భాగాలు ఏరి ఇచ్చిన పెద్దలకు, ట్రేలలో నెల ముందు నుంచి గడ్డి పెంచిన మాస్టారి సతీమణికి, కుర్చీలు సర్దిన కుర్రాళ్లకు, వార్త వేసిన విలేకరులకు, వాగు దగ్గర గంపలెత్తిన అక్కచెల్లెళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. అధ్యక్షులవారు ప్రతి అర్జీ వెంటా స్వయంగా వచ్చారు, వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

ఒక్క ప్రతిపాదనతో ముగిస్తాను. భగవద్గీత మూడో అధ్యాయం 12వ శ్లోకంలో, దేవతలు ఇచ్చింది అనుభవిస్తూ వారికి తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగే అని ఉంది. అంత కఠినంగా నేను అనలేను కానీ, వచ్చే ఏడాది నుంచి గోష్ఠిలో ప్రసంగించదలచినవారు ముందుగా వాగు పనికో మొక్కల పనికో రెండు ఆదివారాలు పేరు నమోదు చేసుకోవాలని కార్యవర్గం తీర్మానం పెడుతోంది. దీన్ని ఓటుకు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ, నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి