ఎండాకాలానికి ఒక పెట్టెడు నవలలు

కడప,
ఏప్రిల్ నెలాఖరు

చిన్నీ,

పరీక్షలు అయిపోయినా ఇంటర్న్‌షిప్ ఉంది కాబట్టి జూన్ దాకా బెంగళూరులోనే ఉంటానన్నావు. సరే. "అమ్మా, ఈ ఎండాకాలం చదువుకోడానికి నవలలు పంపు, సస్పెన్స్ ఉండాలి, పట్టుకుంటే వదలకూడదు" అని నువ్వు ఫోన్లో అడిగినప్పటి నుంచి నాకు వేరే పని మీదికి మనసు పోలేదు. బీరువా అంతా కిందికి దించి, ఏది పెట్టాలి, ఏది వద్దు అని చూసి చూసి ఒక పెట్టె కట్టాను. రేపు మీ నాయన ఆర్టీసీ కార్గోలో వేస్తాడు. అడుగున చెనిక్కాయల పొడి, ఊరమిరపకాయలు ఉన్నాయి. ముందు వాటిని బయటికి తియ్యి, పుస్తకాలకు నూనె అంటుతుంది.

నీకొక అలవాటుంది. నవల సగంలో ఉండగానే చివరి పేజీ తిప్పి చూస్తావు, టెన్షన్ తట్టుకోలేనంటావు. మానుకోమని చెప్పను. చివరి పేజీ చూసినా చెడిపోని సస్పెన్స్ నవలలు ఉన్నాయి, చూడగానే చప్పబడిపోయేవీ ఉన్నాయి. నా మటుకు నాకు మొదటి రకమే గొప్పవి. ఏం జరగబోతోందో తెలిసి కూడా రెండోసారి చదివేటప్పుడు గుండె దడదడలాడితే, రాసినవాళ్లకు మనుషులు తెలుసు అని అర్థం. పెట్టెలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం నేను అట్లా మళ్లీ మళ్లీ చదివినవే.

ముందు కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' తియ్యి. చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. పందులు మేపుకుని బతికే ఒక ముసలాయన. సాయంత్రం మంద ఇల్లు చేరుతుంది గానీ, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి రాదు. దాన్ని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. ఇక కథంతా ఆ రాత్రే. అందులో హత్య లేదు, పోలీసు లేడు, దాచిపెట్టిన గుట్టు అంటూ ఏమీ లేదు. అడవి, ఆకలిగొన్న జంతువులు, ఒక ముసలి మనిషి, అంతే. అయినా మొదటిసారి చదివినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోయాను.

మీ తాత చేనిలో బోరు వేయించిన రోజు నీకు గుర్తుండాలి. రిగ్గు లారీ చుట్టూ ఊరు ఊరంతా నిలబడి, పైకొచ్చే తెల్ల దుమ్మును చూస్తూ, తడి తగులుతుందా లేదా అని ఊపిరి బిగబట్టింది. మీ జేజి మాత్రం చూడలేక వేపచెట్టు కింద అటు తిరిగి కూర్చుంది. అక్కడ ఎవరూ ఎవరినీ భయపెట్టలేదు. ఆ నీళ్ల మీద ఎన్ని అప్పులు, ఎవరి పెళ్లి ఆధారపడి ఉన్నాయో అందరికీ తెలుసు కాబట్టి ఆ బిగువు వచ్చింది. కేశవరెడ్డి గారి పుస్తకంలో ఉన్నది అదే బిగువు. ఆ పంది పోతే ఆ ముసలాయనకు ఏం మిగులుతుందో మనకు ముందే తెలిసిపోతుంది. అందుకే ప్రతి ఆకు చప్పుడుకూ ఉలిక్కిపడతాం. ఆయనది చిత్తూరు జిల్లా. నిజామాబాద్ వైపు కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ డాక్టరుగా బతుకంతా గడిపి 2015లో పోయాడు. తన ఊళ్లను మాత్రం వదలకుండా రాశాడు.

ఆయనదే 'మునెమ్మ' కూడా పెట్టాను. ఎద్దును అమ్ముకొస్తానని పోయిన మొగుడు తిరిగి రాడు. ఏమయ్యాడో తేల్చుకోడానికి మునెమ్మ బయలుదేరుతుంది. కొన్నిచోట్ల చదవడం కష్టంగా ఉంటుంది, కష్టంగా ఉంటే పక్కన పెట్టి రెండు రోజుల తర్వాత మళ్లీ తియ్యి. ఆమె ఏం చేయబోతోందో నీకు సగం దారిలోనే అర్థమవుతుంది. అర్థమయ్యాకే అసలు భయం మొదలవుతుంది.

మన కడప పేరు చెప్పగానే బయటివాళ్లకు బాంబులు, సుమోలు, తొడలు కొట్టడాలే గుర్తొస్తాయి. నీ హాస్టల్లో కూడా ఎవరో అట్లాగే అడిగారని బాధపడ్డావు. వాళ్లకు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' ఇవ్వు. ఆయన మన జిల్లా మనిషి. 2019లో అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమాగా తీశారు. నువ్వు సినిమా చూశావు కాబట్టి కథ తెలుసు కదా అని వదిలేయొద్దు. వానల్లేక ఊర్లో మేత, నీళ్లు కరువైతే గొర్రెల కాపర్లు మందలను తోలుకుని నల్లమలకు పోతారు. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రవాడు కూడా వాళ్ల వెంట పోతాడు. పులి ఎప్పుడొస్తుందో అనే భయం ఒకటే కాదు. నీళ్లెక్కడ దొరుకుతాయి, మందలో ఎన్ని తగ్గాయి, రాత్రి కాపలా ఎవరిది, అడవిలో చెట్లు నరికే దొంగలు ఎదురుపడితే ఏంటి గతి, ఇవన్నీ కలిసి నీ మీదికొస్తాయి. అందులోని మాటలు చూడు, మీ తాత మాట్లాడినట్టే ఉంటాయి. తెలియని మాట వస్తే ఆయనకే ఫోన్ చెయ్యి, ఒక్క మాటకు గంటసేపు చెప్తాడు.

ఇంగ్లీషులో నీకు నచ్చుతుందని గట్టిగా నమ్మేది ఒక జపాన్ నవల, కీగో హిగషినో రాసిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. జపాన్‌లో 2005లో వచ్చింది, అక్కడి పెద్ద బహుమతుల్లో ఒకటైన నవోకి బహుమతి దీనికి ఇచ్చారు. చంపింది ఎవరో, ఎందుకో మొదట్లోనే మన కళ్ల ముందే చెప్పేస్తాడు. వేధించే మాజీ మొగుణ్ణి ఒక తల్లి, కూతురు కలిసి చంపుతారు. పక్క ఇంట్లో ఉండే లెక్కల మాస్టారు వాళ్లను కాపాడటానికి పూనుకుంటాడు. అతనికి ఎదురుగా అతని పాత కాలేజీ స్నేహితుడు, ఫిజిక్స్ ప్రొఫెసర్. లెక్క వేసిన మనిషికీ, ఆ లెక్క విప్పే మనిషికీ మధ్య పోటీ అది. చివర నేను ఏడ్చాను. ఆ లెక్కల మాస్టారి మీద నీకు కోపం వస్తుందో జాలి వస్తుందో తెలుసుకోవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. నాకైతే రెండూ వచ్చాయి, ఇప్పటికీ ఒకటి రెండోదాన్ని గెలవలేదు.

ఇక లావుగా, అట్ట చిరిగి ఉన్నది విల్కీ కాలిన్స్ 'ద మూన్‌స్టోన్'. 1868 నాటిది, "కొత్తవి అడిగితే ఇదేంటమ్మా" అని పక్కన పెట్టొద్దు. ఇంగ్లీషులో డిటెక్టివ్ నవల అనేదానికి దారి వేసిన పుస్తకాల్లో ఇదొకటి. డికెన్స్ నడిపిన వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది, మా చిన్నప్పుడు వీక్లీల కోసం మేం కాచుకున్నట్టే అక్కడి జనం ప్రతివారం దీనికోసం కాచుకున్నారు. కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? 1799లో శ్రీరంగపట్నం కోట పడిన రోజు. టిప్పు సుల్తాన్ ఆయుధాగారంలోంచి ఒక ఇంగ్లీషు ఆఫీసరు కాపలాదారులను చంపి వజ్రాన్ని ఎత్తుకుపోతాడు. అది ఇంగ్లండ్‌లో ఒక అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా చేరి, ఆ రాత్రే మాయమవుతుంది.

వజ్రం కల్పితమే గానీ ఆ యుద్ధం మన బతుకును మార్చింది. టిప్పుతో జరిగిన యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన భూములనే 1800లో ఆయన ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు అట్లా కంపెనీ చేతికి పోయి దత్తమండలాలు అయ్యాయి. ఇప్పటికీ తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం సద్దిమూటలు కట్టుకొచ్చి, నడుం వంచి ఎర్రమట్టిలో వజ్రాలు వెతుకుతారు. ఆ నవలలో వజ్రం కోసం ఇంగ్లీషువాళ్లు పడే ఆరాటం చదువుతుంటే నాకు ఆ చేలే కళ్ల ముందు ఆడాయి. ఒకే సంగతిని ఒక్కో మనిషి ఒక్కో రకంగా చెప్తాడు. ముసలి నౌకరు చెప్పే భాగం నిదానంగా పోతుంది, అక్కడ విసుగుపడకు. మన దేశం వాళ్లను రాసిన తీరులో ఆ కాలపు ఇంగ్లీషువాడి చూపు ఉంది. అయినా దొంగ సొత్తు ఎవరిది అనే విషయంలో కాలిన్స్ తన కాలం కన్నా నిజాయితీగా ఉన్నాడని నాకనిపిస్తుంది.

ఒక్క పుస్తకానికి మాత్రం చివరి పేజీ చూడొద్దని బతిమాలుతున్నాను. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'. నెట్‌లో దాని గురించి ఏమీ చదవకు, హాస్టల్లో ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకో. ఒకసారి అయిపోయాక వెంటనే మొదటి అధ్యాయం మళ్లీ తియ్యి. క్రిస్టీ ఎక్కడా అబద్ధం చెప్పలేదని, మనమే చూడలేదని అప్పుడు తెలుస్తుంది.

నిజంగా కొత్తది కావాలంటే హరిణి నాగేంద్ర 'ద బ్యాంగలోర్ డిటెక్టివ్స్ క్లబ్', 2022లో వచ్చింది. 1921 నాటి బెంగళూరు, లెక్కలంటే ప్రాణమున్న కావేరి అనే కొత్త కోడలు. నువ్వు కబ్బన్ పార్కులో చూసే ఆ సెంచరీ క్లబ్‌లోనే ఒక విందు రాత్రి హత్య జరుగుతుంది. రాసినావిడ పర్యావరణ శాస్త్రవేత్త, అందుకే చెట్లు, చెరువులు అంత బాగా వచ్చాయి. తేలికగా ఉంటుంది, ఆఫీసు బస్సులో చదువుకోవచ్చు.

మీ నాయన తన వాటాగా మధుబాబు గారి షాడో నవలలు రెండు దూర్చాడు, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఒకటి నేను పెట్టాను. మా కాలంలో అద్దెకు తెచ్చుకుని, ఇంకొకరు వచ్చి అడిగేలోపల తిరిగివ్వాలని గబగబా చదివేవాళ్లం. తెలుగులో చదివే అలవాటును లక్షల ఇళ్లలోకి తెచ్చినవి ఆ పుస్తకాలే. వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు ఇష్టం లేదు. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' కూడా ఉంది. ఆంధ్రభూమి వీక్లీలో వచ్చేటప్పుడు మా వీధిలో దాని గురించి మాట్లాడని ఇల్లు లేదు. దాంతోపాటు రంగనాయకమ్మ గారు దాని మీద రాసిన 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' కూడా దొరికితే చదువు. చేతబడి మీద జనానికున్న భయాన్ని నవల పెంచుతోందని ఆవిడ గట్టిగా తిట్టారు. యండమూరి గారి నేర్పు నిజం, ఆవిడ కోపమూ న్యాయమే. బాగా రాయడం వేరు, మంచిది రాయడం వేరు అని నాకు పదహారేళ్లప్పుడు వచ్చిన అనుమానం ఆ రెండు పుస్తకాల మధ్యే పుట్టింది.

ఈ మధ్య బాగా అమ్ముడుపోతున్న కొన్ని నేను కావాలనే పెట్టలేదు. మొదటి పేజీలో ఒక ఆడపిల్ల శవం, ఆ తర్వాత మూడువందల పేజీల్లో ఆ పిల్లకు ఏం ఇష్టమో, ఎవరితో నవ్వేదో ఒక్క మాట ఉండదు. అందరూ చంపినవాడి మనసులోకే తొంగి చూస్తుంటారు. అట్లాంటివి చదివినకొద్దీ మనుషుల చావు మామూలైపోతుంది. నీకు అవి చదవాలనిపిస్తే నేను అడ్డం రాను గానీ, నా చేత్తో పంపలేను.

అన్నిటికన్నా కింద బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' ఉంది. అనంతపురం ఆయన. అక్కడ ఏలిన హండె రాజుల కాలం, పద్దెనిమిదో శతాబ్దపు సీమ. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సస్పెన్స్ అడిగితే చరిత్ర పంపిందేంటి అనుకోవద్దు, పాలెగాళ్ల రోజుల్లో ఎవరి తల ఎన్ని రోజులు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇది పరుగుపరుగున చదివేది కాదు. ఆదివారాలకు పెట్టుకో. మునెమ్మ చదివిన వెంటనే మాత్రం మొదలుపెట్టకు, రెండూ బరువైనవే, మధ్యలో కావేరిని చదువు.

రాత్రి ఒంటిగంట దాకా చదివి పొద్దున తిండి తినకుండా ఆఫీసుకు పరిగెత్తకు. నీళ్లు బాగా తాగు. లెక్కల మాస్టారి పుస్తకం అయిపోయిన రోజు ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యి, మీ నాయన పక్కన లేనప్పుడు మాట్లాడతాను, ఆయన ఇంకా చదవలేదు. అన్నీ మనవే గానీ 'శప్తభూమి' ఒక్కటి లైబ్రరీ కార్డు మీద తెచ్చింది, గడువు పొడిగించుకున్నాను. జూన్‌లో వచ్చేటప్పుడు మరిచిపోకుండా తీసుకురా.

మీ అమ్మ