సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలకు: అచ్చుకు ముందే తేలాల్సిన లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

పుస్తక ప్రదర్శన దగ్గర పడిందంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద పేజీలు కూర్చిపెట్టే డీటీపీ సెంటర్లకు, ప్రెస్సులకు ఊపిరాడదు. ఎన్టీఆర్ స్టేడియంలో స్టాలు తెరిచేనాటికి పుస్తకం చేతికి రావాలని సొంత డబ్బు పెట్టుకునే రచయితలు పరుగులు పెడుతుంటారు. బేరమంతా అచ్చు రేటు దగ్గరే ఆడతారు. అసలు నష్టం అంతకు ముందే, ఫైళ్ల దగ్గరే జరిగిపోతోంది.

ఇప్పుడు చాలామంది ఫోనులోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోనే రాస్తున్నారు. డీటీపీకి వెళ్లాక అది తరచుగా ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోకి మారుతుంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద కూర్చుంటాయి. అందుకే మార్చేటప్పుడు మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు అర్థం లేని తెలుగు గుణింతాలైపోతాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలో పొల్లు పొల్లుగా నిలబడటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. అది జారిపోతే ఫ కింద ట వత్తు, దాని వెంటే వ వత్తు వచ్చి పడతాయి. కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు తారుమారవుతాయి. కాబట్టి ‘వర్డ్‌లో అన్నీ దిద్దే ఇచ్చాను’ అనే భరోసా పనికిరాదు. ఫాంటు మారాక మూలప్రతిని పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాల్సిందే.

ఇంకో చిక్కు తర్వాత ఎదురవుతుంది. సరిచూడటానికి తీసిన ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లన్నీ డీటీపీ ఫైలులోనే ఉంటాయి, రచయిత దగ్గరున్న యూనికోడ్ ప్రతిలో ఉండవు. ఏడాది తర్వాత ఈ-బుక్ వేద్దామన్నా, రెండో ముద్రణ వేరే చోట చేయిద్దామన్నా దిద్దుబాటు పని మళ్లీ మొదటికొస్తుంది. దీనికి మందు ఒకటే, లేఅవుట్ (పేజీల కూర్పు) కూడా యూనికోడ్‌లోనే చేయించుకోవడం. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే ఆప్షన్ ఎంచుకుంటే వత్తులు విడిపోవు. మండలి, గురజాడ, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. 12 పాయింట్ల అక్షరానికి ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగుకు కనీసం 16 పాయింట్లు ఇప్పించండి. పేజీలు తగ్గుతాయని లైన్లు కుదిస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుకుంటాయి. పని అయిపోయాక పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. లేఅవుట్ ఫైలు, ఫాంట్లు, కవర్ ఒరిజినల్ ఫైలు కూడా ఇవ్వాలని డబ్బు మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి.

పేజీల లెక్క ఫారాల్లో ఆలోచించాలి. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద రెండు వైపులా కలిపి అచ్చయ్యే పేజీలు. డెమీ 1/8 సైజులో, అంటే డెమీ కాగితంలో ఎనిమిదో వంతు సైజులో, ఒక ఫారానికి 16 పేజీలు. పుస్తకం 164 పేజీలొస్తే పది ఫారాలు పోను నాలుగు పేజీలు మిగులుతాయి. ఆ నాలుగింటికీ విడిగా ప్లేటు (అచ్చువేసే రేకు), కాగితం, బైండింగులో అదనపు పని పడతాయి. 160కి కుదించడమే మంచిది. ఒక ముందుమాట తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది. నాలుగేసి ముందుమాటలు పాఠకుడికి అక్కర్లేదు కూడా. చివరి నిమిషంలో వచ్చే ముందుమాట పేజీ నంబర్లన్నీ జరిపేసి విషయసూచికను తప్పులతడక చేస్తుంది. అందుకే విషయసూచికలో అంకెలు ఆఖరి ప్రూఫులోనే వేయించాలి. లోపలి మార్జిన్ 18 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే లైన్ల చివరలు బైండింగులోకి పోయే ప్రమాదం ఉంది. కవర్ డిజైన్ పూర్తి చేయకముందే, వాడబోయే కాగితంతోనే డమ్మీ (అచ్చులేని నమూనా పుస్తకం) కట్టించి స్పైన్, అంటే పుస్తకం వీపు మందం స్కేలుతో కొలవండి. అంచనాతో వేసిన స్పైన్ రెండు మిల్లీమీటర్లు తప్పినా వీపు మీది పుస్తకం పేరు అట్ట ముందు వైపుకో వెనక వైపుకో ఒరిగిపోతుంది.

ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా వెయ్యికైనా ఒకటే. ఎక్కువ వేస్తే కాపీ ధర తగ్గుతుందని చెప్పేది అందుకే. మాట నిజమే. అయినా కొత్త రచయిత వెయ్యి వేసి కట్టలు ఇంట్లో పేర్చుకునే కన్నా ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ముద్రణలో రెండు వందలు వేసుకోవడం నయం. వెల కూడా అచ్చుకు ముందే లెక్కగట్టాలి. వెల 150 రూపాయలు, దుకాణం కమీషను 40 శాతం అనుకుందాం. చేతికొచ్చేది 90. అచ్చుకే 60 పోతే మిగిలే 30లోనే డీటీపీ, ప్రూఫు, కవర్ బొమ్మ, పోస్టు, ఉచితంగా పంచే కాపీలు సర్దుకోవాలి. ముద్రిత పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ అచ్చు బిల్లు మీద ఉంటుంది. చెప్పిన రేటులో అది కలిసిందో లేదో అడగండి.

పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే రచయిత పేరు మీదే ఉచితంగా ఇస్తారు. అన్ని పనులూ కలిపి చేసిపెట్టే ‘ప్యాకేజీ’లో వేరే సంస్థ నంబరు తీసుకుంటే రికార్డుల్లో ప్రచురణకర్తగా ఆ సంస్థే ఉంటుంది. పుస్తకానికి, ఈ-బుక్‌కు వేర్వేరు నంబర్లు కావాలి. మార్పుల్లేని పునర్ముద్రణకు పాతదే చాలు. ఐఎస్‌బీఎన్ ఉన్నంత మాత్రాన కాపీరైట్ వచ్చినట్టు కాదు. కాపీరైట్ రాసిన క్షణం నుంచే రచయితది. 1957 చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది.

మరో బాధ్యతను చాలామంది పట్టించుకోవడం లేదు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి ప్రచురణకర్తే సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త రచయితే. పుస్తకాలు చవగ్గా పంపడానికి తపాలా శాఖ 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. అందులో పంపాలంటే పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి కాబట్టి ఆ వివరాల పేజీని ఖాళీగా వదలకండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ‘అందిన పుస్తకాలు’ శీర్షికలో పేజీలు, వెలతో పాటు ఐఎస్‌బీఎన్, ప్రతులు దొరికే దుకాణం పేరు కూడా వేయండి. పెద్ద ప్రచురణ సంస్థల పుస్తకాలు ఎలాగోలా దొరుకుతాయి. సొంతంగా వేసుకున్న పుస్తకం ఎక్కడ అమ్ముతున్నారో తెలియకపోతే, మీ సమీక్ష చదివి కొనాలనుకున్న పాఠకుడు కూడా కొనలేడు.

— ఒక ప్రూఫ్‌రీడర్,
చిక్కడపల్లి, హైదరాబాద్