ప్రెస్సు సంగతి

ఒరేయ్ సత్యం,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండున్నర రీలోడింగ్ ప్రెస్సుల గోలే, కాల్చేసిన తూటా గొట్టాల్లో మళ్లీ మందు నింపుకునే ఆ యంత్రాల్లో ఏది కొనాలా అని. చెల్లెమ్మ ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. టెక్సాస్‌లో కారు షెడ్డులో కూర్చుని తూటాలు నింపుకోవచ్చంటే మా ఆవిడ నమ్మలేదు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు.

నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు గానీ, ముప్పయ్యేళ్లు ఆటోనగర్‌లో ప్రెస్సుల దగ్గర నిలబడ్డాను కదా, ఇనుము సంగతి చెప్తాను విను. నువ్వు పంపిన ఫోటోల్లో 'సి' ఫ్రేముది ఓ పక్క నోరు తెరిచే ఉంది. పిడి గట్టిగా లాగితే పిసరంత విచ్చుకుంటుంది. 'ఓ' ఫ్రేము చుట్టూ మూసుకుని ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా లొంగదు. కాల్చాక ఉబ్బిన 308 రైఫిల్ తూటా ఇత్తడి గొట్టాన్ని డైలోకి, అంటే ఉక్కు అచ్చులోకి నెట్టి మళ్లీ కొలతకి తేవాలంటే ఆ బలమే కావాలి. అందుకే నా ఓటు పోత ఇనుప 'ఓ' ఫ్రేము ప్రెస్సు రాక్‌చక్కర్‌కి. డైల త్రెడ్డు 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. చాలా కంపెనీలది అదే కొలత, రేపు ప్రెస్సు మార్చినా డైలు పనికొస్తాయి.

నీ మనసు డిల్లన్ 550 ప్రెస్సు మీదుందని తెలుసురా. లాగినప్పుడల్లా ఓ తూటా పడుతుంటే ఎవడికి ముద్దు కాదు! కానీ కంచరపాలెం షెడ్డు గుర్తు తెచ్చుకో. నువ్వు క్రికెట్ స్కోరు చెప్తూ రేకు మీద రేకు పెట్టావు, నేను చూడకుండా దించాను. డై టప్పున పగిలింది, ఇద్దరికీ వారం జీతం ఎగిరింది. ఆ 550లో గొట్టాలు నిలబెట్టే పళ్లేన్ని చేత్తోనే తిప్పాలి. తిప్పడం మర్చిపోతే ఒకే గొట్టంలో మందు రెండుసార్లు పడుతుంది. 308లో అయితే మామూలుగా పొంగి బయటికొచ్చి నీకే తెలుస్తుంది. నీ 9 ఎంఎం పిస్తోలు గొట్టంలో మాత్రం రెండింతలు పడినా లోపలే దాక్కోవచ్చు. అక్కడ పగిలేది డై కాదురోయ్.

రాక్‌చక్కర్ లాంటి సింగిల్ స్టేజి ప్రెస్సులో లాగుడికి ఒకటే పని. యాభై గొట్టాలు చెక్కపలకలో నిలబెట్టి, మందు పోసి, టార్చి వేసి ఒక్కొక్కదాన్లోకీ చూశాకే గుళ్లు పెట్టు. నెలకి యాభై కాల్చేవాడికి తొందరేంటి? డైలు మార్చడం విసుగైతే లీ టరెట్ ప్రెస్సు ఉంది, దాని తిరిగే తలలో నాలుగు డైలు పడతాయి.

బల్లకి మాత్రం చెక్క స్క్రూలు వద్దు, బల్ల కిందికి దిగేలా బోల్టులు వెయ్యి. గొట్టాన్ని పైకి నెట్టే ర్యాముకి నూనె గుడ్డ పెట్టు, మీ హ్యూస్టన్‌ది కూడా మా బీచ్ రోడ్డు లాంటి తేమ గాలే.

సంక్రాంతికి బయల్దేరే ముందు బ్యాగు జేబులన్నీ దులుపుకో. మర్చిపోయిన తూటా ఒక్కటి దొరికినా విమానాశ్రయంలో ఆపేస్తారు, ఇక్కడ నీకోసం తెప్పించిన మాడుగుల హల్వా నేనే తినాల్సొస్తుంది. నాకా షుగరు.

నీ,
రాంబాబు