రోల్ కాల్‌లో జరిగిన అవమానం, ఒకే జత యూనిఫాం గురించి ఫిర్యాదు

హైదరాబాద్,
09-06-2025.

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,
సెక్యూరిటీ ఏజెన్సీ ప్రధాన కార్యాలయం,
హైదరాబాద్.

విషయం: ఒంటి వాసన వస్తోందని అందరి ముందు అవమానించి, ఫైన్ వేసి, పాయింట్ (డ్యూటీ చేసే చోటు) మార్చడం గురించి. యూనిఫాం, నీటి వసతి గురించి.

అయ్యా,

మీరు కేటాయించిన రాయదుర్గం సైట్‌లో నేను మూడేళ్లుగా సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తున్నాను. నా వయసు 51. ఈ మూడేళ్లలో నా మీద ఒక్క మెమో లేదు. డ్యూటీకి ఆలస్యంగా వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇలా కాగితం పెట్టడం నా జన్మలో ఇదే మొదటిసారి. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఏమైనా తప్పులుంటే మన్నించండి, కానీ పూర్తిగా చదవండి.

మే 26, సోమవారం. పొద్దున ఆరూ నలభై ఐదుకి ఎప్పటిలాగే మొదటి సెల్లార్‌లో రోల్ కాల్. ఫీల్డ్ ఆఫీసర్ గారు వచ్చి రిజిస్టర్ పక్కన ఒక స్ప్రే డబ్బా పెట్టారు. వరసగా అందరి బూట్లు, గడ్డాలు, బెల్టులు చూసుకుంటూ వచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేసి, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "క్లయింట్ నుంచి కంప్లైంట్ వచ్చింది. లిఫ్టు దగ్గరంతా నీ కంపేనంట. స్నానం చేసే అలవాటు లేదా నీకు?" అన్నారు. ఆయనది మా పెద్దబ్బాయి వయసు. డబ్బా నా చేతికిచ్చి, అక్కడే కొట్టుకోమన్నారు. వరసలో పద్నాలుగు మంది ఉన్నారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. నేను చెయ్యి ఎత్తి చొక్కా మీదే ఒక చంకలో కొట్టుకున్నాను. "రెండోది?" అన్నారు. రెండోది కూడా కొట్టుకున్నాను. నేను చెయ్యెత్తి ఉండగానే ఆయన ఫోటో తీశారు.

ఆ ఫోటో "గ్రూమింగ్ నాట్ ఓకే" అని రాసి సైట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. డ్యూటీలో ఫోను వాడనివ్వరు కాబట్టి నేను దాన్ని ఇంట్లోనే ఉంచి వస్తాను, మా అమ్మాయి చదువుకి వాడుకుంటుంది. ఆ రోజు ఆ ఫోటో నాకంటే ముందు తనే చూసింది. రాత్రి నేను ఇంటికి వెళితే ఏమీ అడగలేదు. నా చొక్కా తీసుకుని బకెట్లో నానబెట్టింది. ఇప్పుడు ఈ వాక్యం రాయనని మొండికేసింది, నేనే రాయించాను.

మర్నాటి నుంచి నన్ను లాబీ నుంచి తీసేసి మూడో సెల్లార్‌లో బండ్లు పైకి వెళ్లే ర్యాంపు దగ్గర వేశారు. మే నెల జీతంలో గ్రూమింగ్ ఫైన్ అని 200 రూపాయలు కోశారు.

అయ్యా, నా ఒంటి నుంచి వాసన రాలేదని నేను అనడం లేదు. వచ్చింది. నాకూ తెలుసు. అది తెలిసే రెండు మూడు నెలలుగా లిఫ్టు తలుపు తెరుచుకోగానే గోడ వైపు జరిగి నిలబడుతున్నాను. కంప్లైంట్ ఇచ్చిన వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. పక్కన మనిషి దగ్గర వాసన వస్తుంటే ఎవరికైనా ఇబ్బందే, చెప్పే హక్కు వాళ్లకి ఉంది. నేను అడిగేది ఒక్కటే. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో మీలో ఎవరైనా ఒక్కసారి అడిగారా?

నాకు మీరిచ్చింది ఒకే జత యూనిఫాం. దానికి నా జీతంలోంచి నెలకు 600 చొప్పున మూడు నెలలు కోశారు. రెండో జత అడిగితే స్టాకు లేదన్నారు. మూడేళ్లలో నాలుగుసార్లు అడిగాను, ప్రతిసారీ అదే మాట. అది ముదురు నీలం రంగు పాలిస్టర్ గుడ్డ. మధ్యాహ్నానికి వీపు మీద, చంకల కింద తెల్లగా ఉప్పు చారలు కడతాయి. మీ ఆఫీసుకి ఏ గార్డు వచ్చినా ఒకసారి వెనక్కి తిరగమని చూడండి, ఆ చారలు మీకే కనిపిస్తాయి.

మాది బోరబండ. పొద్దున ఎంఎంటీఎస్ రైలు ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వస్తాను. రాత్రి ఏడింటికి డ్యూటీ దిగితే ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది. మా బస్తీకి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అయినా ఆ చొక్కా ఉతక్కుండా ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఉతికి, ఫ్యాన్ కింద దారం కట్టి ఆరేస్తాం. ఒంటిగది ఇల్లు. ఆ తడి చొక్కా కిందే నలుగురం పడుకుంటాం. తెల్లారి నాలుగున్నరకి ముట్టుకుంటే వీపు భాగం ఆరి ఉంటుంది. కాలరు, చేతులు కుట్టిన చోట చంక కింది మడత మాత్రం ఆరవు. అక్కడ రెండు పొరల గుడ్డ, దాని మీద గట్టి కుట్టు. మా ఆవిడ ఇస్త్రీ పెట్టె పెట్టి ఆ మడతని అదిమి పట్టుకుంటుంది. ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలోనే వాసన తెలిసిపోతుంది. అయినా వేరే చొక్కా లేదు కాబట్టి అదే తొడుక్కుని బయల్దేరతాను. ఈసారి మే నెలాఖరుకే వానలు పట్టుకున్నాయి. ఆ వారమంతా తడి చొక్కాతోనే డ్యూటీ చేశాను. ఆ వారంలోనే మీకు కంప్లైంట్ వచ్చింది.

ఇక డబుల్ డ్యూటీల సంగతి. మా తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవర్ రాకపోతే పాయింట్ వదిలి వెళ్లకూడదు, ఆ డ్యూటీ కూడా మేమే చేయాలి. అది మా ఉద్యోగ ధర్మం, కాదనను. కానీ మే నెలలో నాకు ఏడు డబుల్స్ పడ్డాయి. రిజిస్టర్లో ఉంది, చూసుకోవచ్చు. పొద్దున ఏడింటి నుంచి మర్నాడు ఏడింటి దాకా అదే చొక్కా, అవే సాక్సులు, అవే బూట్లు. మే 26 రోల్ కాల్‌కి నేను ఇంటి నుంచి రాలేదు. ఆదివారం పగలు, రాత్రి రెండు డ్యూటీలూ చేసి, సోమవారం డ్యూటీకి అదే వరసలో నిలబడ్డాను. స్నానం చేసే అలవాటు లేదా అని అడిగిన ఫీల్డ్ ఆఫీసర్ గారే ఆ ముందు రోజు సాయంత్రం "ఈ రాత్రికి నువ్వే ఉండు" అని చెప్పారు.

ఉన్నచోట కడుక్కుందామంటే నీళ్లు లేవు. పై అంతస్తుల బాత్‌రూములకి కార్డు కావాలి, మా కార్డులు అక్కడ పనిచేయవు. రెండో సెల్లార్‌లో డ్రైవర్లకీ మాకూ కలిపి రెండు మరుగుదొడ్లు ఉన్నాయి. అక్కడి కుళాయికి పదకొండు దాటితే నీళ్లు రావు. సబ్బు నేను చూడలేదు. బట్టలు మార్చుకోవడానికి చోటు లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్న బనీను తగిలించుకోవడానికి ఒక మేకు కూడా లేదు. లేడీ గార్డులు ఎంత అవస్థ పడుతున్నారో నేను రాయడం బాగుండదు, వాళ్లని పిలిచి అడగండి.

రోల్ కాల్ జరిగిన తర్వాత సెలవు పెట్టి మా బస్తీ దవాఖానాకి వెళ్లాను. నాలో ఏదైనా జబ్బు ఉందేమో అని భయం పట్టుకుంది. డాక్టరమ్మ షుగర్ పరీక్ష చేయించింది, లేదు. నడుము దగ్గర, గజ్జల్లో తామర ఉందని చూసి పూతమందు రాసింది. ఆమె చెప్పిన మాటలు నాకు బాగా అర్థమయ్యాయి. మనిషి చెమటకి దానంతట అదే పెద్దగా వాసన ఉండదట. చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ల మధ్య ఉండే సూక్ష్మజీవులు ఆ చెమటని తిన్నప్పుడు వాసన పుడుతుందట. తడి ఆరకపోతే అవి పెరుగుతూనే ఉంటాయి. పాలిస్టర్ గుడ్డ నూలు గుడ్డలాగా చెమట పీల్చదు, పైగా ఒంటి జిడ్డుని పట్టుకుని వదలదు. అందుకే ఉతికిన చొక్కా కూడా ఒళ్లు వేడెక్కగానే మళ్లీ వాసన వేస్తుంది. సెంటు స్ప్రే అయినా, చెమట తగ్గించే మందైనా శుభ్రంగా కడిగి తుడుచుకున్న ఒంటి మీద రాస్తేనే పనిచేస్తుందని, తడి చొక్కా మీద కొడితే ఉన్న కంపుకి ఇంకో వాసన తోడవుతుందని చెప్పింది. చివరికి, "రోజూ ఆరిన బట్టలు మార్చుకోకపోతే ఈ తామర తగ్గదు" అంది. ఒకే జత ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చీటీ జిరాక్స్ ఈ లేఖకి జత చేశాను.

ఇలాంటి విషయం ఎలా చెప్పాలో నేను మీకు నేర్పేంతవాణ్ణి కాను. కానీ ఒకటి చెప్పాలి. ఇంతకుముందు వేరే ఏజెన్సీలో ఉన్నప్పుడు మాకు ఒక పెద్దాయన సూపర్‌వైజర్‌గా ఉండేవారు, మిలిటరీలో పనిచేసి వచ్చినాయన. ఒక రోజు నన్ను టీ తాగుదాం రమ్మని రోడ్డు అవతలికి తీసుకెళ్లారు. టీ సగం అయ్యాక, "తమ్ముడూ, చొక్కా వాసన వస్తోంది. ఇంట్లో నీళ్లకి ఇబ్బందా, ఇంకో జత లేదా?" అని అడిగారు. ఆ సాయంత్రమే స్టోర్ నుంచి ఒక చొక్కా ఇప్పించారు. ఆ తర్వాత ఆ సైట్‌లో నేనున్నన్ని రోజులూ నా మీద ఒక్క మాట రాలేదు. ఆయన అడిగింది కూడా ఇదే సంగతి. అక్కడ రెండు నిమిషాల్లో తేలిపోయింది.

మా అమ్మాయి చట్టాలు వెతికి చూసింది. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో 18వ సెక్షన్ ప్రకారం తాగే నీళ్లు, మరుగుదొడ్లు, కడుక్కునే వసతి కాంట్రాక్టరే ఏర్పాటు చేయాలని ఉంది. కాంట్రాక్టరు చేయకపోతే అసలు యాజమాన్యం చేసి, ఆ ఖర్చు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చని 20వ సెక్షన్‌లో ఉంది. అందుకే ఈ లేఖ కాపీ బిల్డింగ్ అడ్మిన్ ఆఫీసుకి కూడా ఇస్తున్నాను. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం చేసిన నమూనా రూల్స్‌లో గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఇవ్వాలని ఉంది. నేర్పాల్సిన వాటిలో మొట్టమొదటిదే నలుగురిలో ఎలా మెలగాలి, యూనిఫాం సరిగ్గా ఎలా వేసుకోవాలి అన్నది. నాకు నాలుగు రోజుల శిక్షణే ఇచ్చారు. అయినా యూనిఫాం గౌరవం నాకు తెలుసు. దాన్ని ఇస్త్రీ లేకుండా నేను ఒక్క రోజు వేసుకోలేదు.

నేను కోరేవి పెద్దవేం కావు. ముందు ఆ ఫోటో గ్రూపులోంచి తీసేయించండి, దాన్ని ఎవరికీ పంపొద్దని అదే గ్రూపులో రాయించండి. కోసిన 200 తిరిగి ఇప్పించండి. నన్ను ఎక్కడ అవమానించారో అదే రోల్ కాల్‌లో ఫీల్డ్ ఆఫీసర్ గారు "అలా చేసి ఉండకూడదు" అని ఒక్క మాట చెప్పాలి. నా కాళ్లు పట్టుకోమని అడగడం లేదు, ఆ మాట చెబితే చాలు. ప్రతి గార్డుకీ ఇంకో రెండు జతలు ఇవ్వండి. డబ్బు కోయకుండా, వీలైతే నూలు కలిసిన గుడ్డతో. డబుల్ డ్యూటీ వేస్తే ఆ మనిషి మధ్యలో కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి అరగంట రిలీఫ్ ఇవ్వండి. రెండో సెల్లార్ కుళాయికి రోజంతా నీళ్లు వచ్చేలా చూడండి, సబ్బు పెట్టండి, బట్టలు తగిలించుకోవడానికి చిన్న అల్మారా ఒకటి పెట్టించండి, ఆడవాళ్లకి వేరుగా.

లాబీ పాయింట్ మళ్లీ ఇస్తారా లేదా అన్నది మీ ఇష్టం. సెల్లార్ పని చిన్నతనం అని నేను అనుకోను. కానీ ఆ ర్యాంపు దగ్గర గాలి ఆడదు, బండ్ల పొగ, వేడి. పన్నెండు గంటలు నిలబడితే పైనకంటే రెట్టింపు చెమట పడుతుంది. వాసన వస్తోందని మనిషిని తీసుకెళ్లి ఇంకా చెమట పట్టే చోట నిలబెట్టారు. అక్కడ నా తర్వాత ఎవరిని వేసినా కనీసం ఒక పెడస్టల్ ఫ్యాన్ పెట్టించండి.

ఇదే సైట్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒకడు కొత్తగా చేరాడు. ఆ రోజు వరసలో నా పక్కనే ఉన్నాడు. మర్నాటి నుంచి వాడు సంచిలో సెంటు సీసా తెచ్చుకుని గంటకోసారి చొక్కా మీద పోసుకుంటున్నాడు. సోమవారం టేబుల్ మీద డబ్బా కనిపిస్తే తన వంతేమో అని టెన్షన్ పడుతున్నాడు. వాడికీ ఒకటే జత.

15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించమని కోరుతున్నాను. అప్పటికీ జవాబు లేకపోతే ఇదే లేఖని లేబర్ ఆఫీసర్ గారికి ఇస్తాను. దవాఖానా చీటీ, మే నెల జీతం చీటీ, గ్రూపులో పెట్టిన ఫోటో ప్రింటు దీనితో జత చేశాను. ఫోటో ప్రింటు మీరు చూసిన తర్వాత చించేయండి.

ఇట్లు,
మీ సెక్యూరిటీ గార్డు,
రాయదుర్గం సైట్, డే షిఫ్ట్.
(పేరు, ఐడీ నంబరు కవరు మీద రాశాను.)