నీళ్లు వేడెక్కి నాచు చచ్చిపోతే తప్పు మాదెలా అవుతుంది? మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

సముద్రంలో వెదురు తెప్పలకు తాళ్లు కట్టి మేం పెంచే నాచు గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికీ రసీదులున్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. మా డ్వాక్రా సంఘంలో లెక్కల పుస్తకం రాసేది నేనే కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఈ ఉత్తరం అందరి ముందూ రాస్తున్నాను.

తెప్పలు ఇప్పించినందుకు మీ మేలు మరిచిపోలేదండీ. మొదటి రెండు కోతలు బాగా వచ్చాయి. 45 రోజులకల్లా తెప్ప బరువెక్కి కుంగిపోయేది, నలుగురం లాగితే గానీ ఒడ్డుకు వచ్చేది కాదు. మూడోసారి మాత్రం వేసవిలో విత్తనం, అంటే నాచు ముక్కలు, తెచ్చి తాళ్లకు కట్టమన్నారు మీ శాఖ వాళ్లు. ఎండలు ముదిరాక కడితే నిలుస్తుందా అని మా అత్తమ్మ అప్పుడే అడిగింది. టార్గెట్ ఉందమ్మా, కట్టేయండి అన్నారు. కట్టాం.

మే నెలలో ఒకరోజు తెల్లవారి ఆరింటికి నడుము లోతు నీళ్లలోకి దిగితే, స్నానానికి కాచినట్టు గోరువెచ్చగా తగిలాయి. ట్రైనింగ్‌లో ఇచ్చిన థర్మామీటర్ ముంచి చూస్తే 32 డిగ్రీలు దాటింది. 30 దాటితే ఈ నాచుకు కష్టమని ఆ ట్రైనింగ్‌లోనే చెప్పారు. కొమ్మల చివర గోరంత తెల్లమచ్చలు కనిపించాయి. నాలుగు రోజులకు ఆ తెలుపు కాడంతా పాకింది. అంతకుముందు విరిస్తే టక్కున విరిగే కాడ, వేళ్ల మధ్య జావలా జారిపోయింది. తాళ్లకు ముడులే మిగిలాయి. ఆ ముడులు విప్పుతున్నంతసేపూ మాలో ఎవ్వరం నోరెత్తలేదు.

తర్వాత నోటీసు వచ్చింది, అందులో 'నిర్వహణ లోపం' అని రాశారు. అయ్యా, పోయిన డబ్బుకంటే ఈ రెండు మాటలే మమ్మల్ని ఎక్కువ కోస్తున్నాయి. మా వాటా కోసం బ్యాంకులో తెచ్చిన అప్పుకు కిస్తీ ఎలాగోలా కడుతున్నాం. మేం సరిగ్గా చూసుకోలేదంటే మాత్రం ఒప్పుకోలేం. తెల్లవారుజామున లేచి తాళ్లకు పట్టిన చెత్త ఏరినవాళ్లం. నష్టం రాయమని ఇచ్చిన కాగితంలో తుఫాను ఉంది, వరద ఉంది. నీళ్లు వేడెక్కడం మాత్రం లేదు. ఇల్లు కూలితే ఫొటో తీసి పెట్టొచ్చు. వేడిని ఏమని ఫొటో తీయాలి?

మేం కల్పించి చెప్పడం లేదు. తమిళనాడులో మండపం వైపు ఇదే నాచు 2013లో నీళ్లు వేడెక్కి పెద్ద ఎత్తున చచ్చిపోయింది. ఆ దెబ్బకు దిగుబడి ఏళ్ల తరబడి కోలుకోలేదు. 2020 మేలో అదే తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో వేడికి 85 శాతం పగడాలు తెల్లబడ్డాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో కెల్ప్ అనే పెద్ద నాచు సముద్రం అడుగున అడవుల్లా ఉండేది. 2011 వేడికి దాదాపు 100 కిలోమీటర్ల మేర ఆ అడవి తుడిచిపెట్టుకుపోయింది. నీళ్లు చల్లబడ్డాక కూడా తిరిగి రాలేదు, ఆ చోటును చిన్న పాచి ఆక్రమించేసింది. అక్కడ విత్తనం కట్టినవాళ్లు లేరు, తాళ్లు లేవు, నిర్వహణా లేదు. దాన్ని చంపింది వేడే.

సముద్రం ఇలా మండే రోజుల గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం హెచ్చరికలు ఇస్తుంది. చేపలు ఎటు దొరుకుతాయో పడవల వాళ్లకు కబురు అక్కడి నుంచే వస్తుంది. నీళ్లు వేడెక్కుతున్నాయని మా ఫోన్లకు ఒక్క మెసేజ్ వచ్చినా ముందే కోసి ఎండబెట్టుకునేవాళ్లం. సగమైనా దక్కేది కదండీ! వేట నిషేధం 61 రోజులకు పడవ మీద వెళ్లేవాళ్లకు భృతి ఇస్తున్నారు, సంతోషం. అవే రోజుల్లో నాచు పోగొట్టుకున్న ఆడవాళ్లకు మాత్రం నోటీసా?

దయచేసి ఆ నోటీసు వెనక్కి తీసుకోండి. నష్టాల కాగితంలో వేడి అనే మాట చేర్పించండి. వేసవిలో విత్తనం కట్టమని ఎవరినీ తొందరపెట్టొద్దని కింది వాళ్లకు చెప్పండి. ఒక్కసారి మా ఊరు వచ్చి ఆ తాళ్లు చూడండి. నోటీసు మాత్రం ముందు తీసేయించండి, అదే మా టెన్షన్.

అక్టోబరులో మళ్లీ విత్తనం ఇస్తామంటున్నారు. తెప్పల వెదుళ్లు ఇంకా మా ఇంటి వెనక గోడకు ఆనించే ఉన్నాయి. తప్పు మాది కాదని ఒక్క కాగితం పంపండి, ఆ రోజే దించుతాం.

ఇట్లు,
తీరంలోని ఒక డ్వాక్రా సంఘం సభ్యురాలు