ముత్తాత మెడల్ అమ్మే ముందు దాని అంచు ఒక్కసారి చదవండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పోయిన నెల రాజమండ్రిలో ఓ వెండి కొట్టు దగ్గర జరిగింది రాస్తున్నాను, అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. మా ఆవిడ పట్టీలకి టాకా వేయిద్దామని వెళ్ళాను. నాకంటే ముందు ఓ పాతికేళ్ళ కుర్రాడు కౌంటర్ దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు, పక్కన రంగు వెలిసిపోయిన రిబ్బన్‌తో ఓ పసుపు బిళ్ళ, దానిమీద రెక్కలున్న దేవత బొమ్మ. ఇది ఇత్తడి, మాకొద్దు అని కొట్టువాళ్ళు వెనక్కిచ్చేశారంట. చూడగానే నా గుండె గుభేలుమంది. అది మొదటి ప్రపంచ యుద్ధం విక్టరీ మెడల్. దానికి జతగా ఇచ్చిన వెండి మెడల్ అప్పటికే మూసలోకి వెళ్ళిపోయింది, దాదాపు 30 గ్రాముల వెండి, ఓ పక్క ఇంగ్లండ్ రాజు అయిదో జార్జి తల, ఇంకో పక్క గుర్రం మీద మనిషి. ఒక్క పది నిమిషాలు ముందెళ్ళుంటే ఆపేవాణ్ణి.

ఆ కుర్రాణ్ణి తప్పు పట్టట్లేదండీ. మా ముత్తాత మిలిటరీలో చేశాడంటండీ, అంతకుమించి తెలీదు అన్నాడు. జేబులోంచి భూతద్దం తీసి ఆ బిళ్ళ అంచు తిప్పి చూపించాను. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు పోతపోసినట్టు ఉన్నాయి, ముందు నంబరు, తర్వాత సాపర్ (అంటే మిలిటరీ ఇంజనీరింగ్ దళంలో సిపాయి) అని, తర్వాత పేరు, చివర మద్రాస్ సాపర్స్ దళం పేరు పొట్టి అక్షరాల్లో. వాడు ఆ పేరు కూడబలుక్కుని రెండుసార్లు చదివి, మా తాతకి ఈయన పేరే పెట్టారండీ అన్నాడు. కరిగిపోయిన వెండి దానిమీదా ఇదే పేరు, ఇదే నంబరు ఉండేవి.

నేను రిటైర్డ్ హైస్కూల్ మాష్టార్ని, ముప్పై ఏళ్ళుగా రకరకాల దేశాల మిలిటరీ మెడల్స్, వాటి కాగితాలు పోగేస్తున్నాను. యుద్ధం మీద మోజుతో కాదు, ఓ మామూలు మనిషి పేరు దొరుకుతుందని. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఆ యుద్ధానికి ఇంగ్లండ్ వాళ్ళు మెడల్ అంచు మీద పేరు కొట్టించి ఇచ్చారు. జర్మనీ వాళ్ళ ఐరన్ క్రాస్ మీద మామూలుగా పేరు ఉండదు, నల్లటి ఇనుము చుట్టూ వెండి అంచు అంతే, అది ఎవరిదో చెప్పేది వాళ్ళ మిలిటరీ పాస్‌బుక్కు. నా దగ్గర ఒకటుంది, అందులో ఆయన పుట్టిన ఊరు, చేసే పని రొట్టెలు కాల్చడం, ఏయే యుద్ధాల్లో ఉన్నాడు, ఎప్పుడు దెబ్బ తగిలింది అన్నీ సిరా చేతిరాతతో ఉన్నాయి, ఆ బుక్కు లేకపోతే ఆ క్రాస్ ఓ ఇనప ముక్కేనండీ. సోవియట్ వాళ్ళ రెడ్ స్టార్ పతకం వెనకాల నంబరు ఉంటుంది, అదే నంబరు ఆ సైనికుడి ఆర్డర్ బుక్కులో, అంటే పతకాల పుస్తకంలో, రాసుంటుంది, 2010 నుంచి వాళ్ళ అవార్డు కాగితాలు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఏం సాహసం చేస్తే ఇచ్చారో కూడా చాలావాటిలో చదవొచ్చు. అందుకే నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, కొందరు వ్యాపారులు మెడల్‌ని, బుక్కుని విడగొట్టి ఒకటి ఒకళ్ళకి ఇంకోటి ఇంకొకళ్ళకి అమ్ముతారు, రెండు బేరాలొస్తాయని. అట్లా విడిపోయినవి మళ్ళీ ఒకచోట చేరడం అంటే సముద్రంలో ఉంగరం వెతికినట్టే.

లండన్‌లో 1940 సెప్టెంబర్ బాంబుదాడిలో మొదటి ప్రపంచ యుద్ధం సైనికుల రికార్డులు సగానికి పైగా కాలిపోయాయి, అయినా అక్కడివాళ్ళకి మెడల్ కార్డులు మిగిలాయి, అంచు మీద పేరు, నంబరు పట్టుకుని వెతుక్కుంటున్నారు. మన సిపాయికి అదీ కష్టం. మెడల్ మీద నంబరు, దళం ఉన్నా మనిషి పేరు చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది, ఇంటిపేరు ఉండదు, ఊరు ఉండదు, అదే పేరుతో పదిమంది ఉంటారు. ఊరు, తాలూకా, తండ్రి పేరు, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఇవన్నీ ఉండేది మిలిటరీ నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సర్టిఫికెట్‌లో. అదేమో ట్రంకు పెట్టె అడుగున చెదలు తింటూ ఉంటుంది, లేదా ఇల్లు పడగొట్టినప్పుడు చెత్తలో పోతుంది.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలీదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువులు, 75 ఏళ్ళు దాటిన చారిత్రక పత్రాలు ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, జైలు శిక్ష ఉంది. మొదటి యుద్ధం మెడల్స్‌కి ఇప్పుడు వందేళ్ళు నిండిపోయాయి కాబట్టి ఎవరో విదేశీయుడు ఆన్‌లైన్‌లో ఎక్కువ ఇస్తానన్నాడని పార్శిల్ కట్టకండి.

లాహోర్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి పడున్న పంజాబ్ సైనికుల రిజిస్టర్లలో 3 లక్షల 20 వేలమంది వివరాలున్నాయి, 2021 నుంచి వాటిని ఊళ్ళవారీగా ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, ఎక్కడో కెనడాలో ఉన్నవాళ్ళు కూడా ముత్తాత పేరు చూసుకోగలుగుతున్నారు. మరి మనకేం తక్కువండీ, మా తాడేపల్లిగూడెం పక్కనే మిలిటరీ మాధవరం ఉంది, ఆ ఊరి పేరులోనే మిలిటరీ ఉంది. చాలా జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, అక్కడ ఒక స్కానర్ పెట్టి, నెలకి ఒకరోజు కేటాయించి, ఎవరింట్లో ఏ కాగితం ఉన్నా తెస్తే స్కాన్ చేసి అక్కడికక్కడే తిరిగిచ్చేస్తే చాలు. ఒరిజినల్ అడగొద్దు, అడిగితే ఎవరూ తీసుకురారు.

మొన్న ఆదివారం ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ళ నాయనమ్మ పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికిందంట, ఫోటో పంపాడు. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ ఊరు పేరు తెలుస్తోంది, పనిచేసిన చోటు మెసపటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, అని ఉంది, కింద గుర్తుల దగ్గర ఎడమ కనుబొమ్మ మీద గాటు అని రాసుంది. ఆ కాగితాన్ని, ఆ ఇత్తడిది అన్న మెడల్‌ని ఒకే కవర్లో పెట్టి దాచమన్నాను.

మీ పాఠకుల ఇళ్ళలో ఇలాంటివి ఉంటే బ్రాసో పెట్టి రుద్దకండి, అంచు మీద అక్షరాలు అరిగిపోతాయి. కాగితాలకి సెల్లో టేపు వేయకండి. మా చుట్టుపక్కల ఊళ్ళయితే నేనే వస్తాను, కొనడానికి కాదండీ, చదివి, ఫోటో తీసి, మీ చేతికే ఇచ్చేస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ మాష్టారు, తాడేపల్లిగూడెం